కన్నగి - పత్తినీదేవి : కావ్యకథయు, పలుజనుల యారాధనమును

దక్షిణభారతమునందును, శ్రీలంకయందును ఆరాధింపబడు దేవతలలో కన్నగి చరిత్ర విలక్షణమైనది. వేదవాఙ్మయమున ఆమె జాడ లేదు. అష్టాదశపురాణములలో ఆమె పేరు లేదు. ఆమె యొక వర్తకుని కూతురు. భర్తను కోల్పోయిన యిల్లాలు. ఒక తమిళ కావ్యమునందు నాయికగా మనకు తొలుత విస్పష్టముగ కానవచ్చుచున్నది. అట్టి స్త్రీ నాలుగు ప్రాంతముల జనులకు పూజ్య యైనది. తమిళనాటివారికి ఆమె పాతివ్రత్యమునకును, న్యాయమునకును ప్రతీక. కేరళీయులకు భగవతి. సింహళ బౌద్ధులకు బుద్ధత్వమును కోరి వేచియున్న పత్తినీదేవి. తూర్పులంక తమిళులకు ఏటికొకమారు వైకాసి మాసమున తలుపు తెరపించుకొని పూజలందుకొను అమ్మ.

ఇట్టి దేవతను గూర్చి ఒక ప్రశ్న సహజముగ కలుగును. కవి కల్పించిన పాత్రను జనులు దేవతగా గైకొనిరా? లేక, జనులు కొలుచుచుండిన దేవతను కవి తన కావ్యమున నిలిపెనా? మొదటిది నిజమైనచో గ్రంథమునందలి కన్నగియే అసలు కన్నగి. తక్కిన చోటుల పూజలు దానినుండి జారిన వికారములని చెప్పవలసివచ్చును. పండితులలో కొంద రట్లు చెప్పియునున్నారు. రెండవది నిజమైనచో ప్రతిజనము పూజయు స్వతంత్ర సాక్ష్య మగును. అన్యాయమునకు గురియై కన్నుమూసిన స్త్రీని పేరంటాలుగా కొలుచు ఆచారము తెలుగువారికి క్రొత్త గాదు. కావున ఈ ప్రశ్న మనకును దూరమైనది కాదు. ఈ వ్యాసమున కావ్యసాక్ష్యమును, ఆయా జనుల పూజావిధానములను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము.

కావ్యసాక్ష్యము

శిలప్పదికారమును రచించిన ఇళంగో అడిగళ్ చేరరాజగు సెంగుట్టువనునకు తమ్ముడనియు, రాజ్యము నొల్లక సన్న్యసించెననియు సంప్రదాయము. కావ్యకాలమును గూర్చి ఏకాభిప్రాయము లేదు, క్రీ. శ. ఐదవ శతాబ్ది ప్రాంతమని తలచువారు పెక్కురు. పుగార్, మదురై, వంజి అను మూడు కాండములును, ముప్పది భాగములును ఇందు కలవు. 1892లో ఉ. వే. స్వామినాథయ్యరు తాళపత్రప్రతులను పరిష్కరించి ప్రకటించినపిమ్మట ఇది ఆధునిక పాఠకులకు అందుబాటులోనికి వచ్చినది. 1939లో వి. ఆర్. రామచంద్ర దీక్షితరు ఆంగ్లానువాదము వెలువడినది.

కథ సుప్రసిద్ధము. కావేరీ ముఖమునందలి పుగార్ పట్టణమున కోవలుడను వర్తకుడు భార్య యగు కన్నగిని విడిచి మాధవి యను నర్తకియందు అనురక్తుడై ధనమంతయు వ్యయపరచెను. తుదకు పశ్చాత్తప్తుడై మరలివచ్చి భార్యతో మదురకు పోయెను. మిగిలిన సొమ్ము ఆమె కాలియందియలు మాత్రమే. వానిలో నొకదానిని విక్రయింపబోవగా, రాణి యందెను తానే దొంగిలించిన కంసాలి కోవలునిపై ఆ నేరము మోపెను. పాండ్యరాజు విచారణ లేకయే వధింప నాజ్ఞాపించెను. కన్నగి రెండవ యందెను చేతబట్టి సభకు వచ్చి, రాణి యందెలోనివి ముత్యములు, తన యందెలోనివి మాణిక్యములని పగులగొట్టి చూపెను. రాజు సింహాసనముపైననే కూలెను. ఆమె తన యెడమ స్తనమును పెరికి నగరముపై విసరగా మదుర దగ్ధమయ్యెను. పిదప ఆమె పడమటి కొండలకు పోయి, పదునాలుగు దినములు గడచిన వెనుక, వేంగచెట్టు నీడనుండి భర్తతో కూడ స్వర్గమున కేగెను. ఆ దృశ్యమును చూచినవారు కొండజాతివారగు కురవలు.

ఇంతవరకు కథ కల్పన కావచ్చును. కాని కావ్యారంభమునందలి యొక చిన్న గద్యభాగము పరిశోధకునకు మిక్కిలి విలువైనది. మదుర కాలినది మొదలు పాండ్యదేశమున వానలు లేక, కరవు పుట్టి, వేడిరోగములును, మశూచియు వ్యాపించెననియు, కొర్కైలోని పాండ్యుడు వేయిమంది కంసాలులను బలియిచ్చి శాంతి జరుపగా వర్షము కురిసెననియు, రోగము లుపశమించెననియు అందున్నది. తరువాత కొంగుదేశపువారును, లంకాధిపతి గజబాహువును, చోళరాజును తమతమ దేశములందు ఆమెకు ఉత్సవములు జరిపిరని కూడ చెప్పబడినది. దీనినిబట్టి ఈ పీఠిక వ్రాయబడునాటికే పలుదేశముల జనులు ఆమెను కొలుచుచుండిరనియు, ఆ కొలువునకు కారణము కావ్యరసము కాక కరవు, జ్వరము, మశూచి యనియు తేలుచున్నది.

కావ్యముకంటె ప్రాచీనమని యెంచబడు సంగమవాఙ్మయమున మరియొక సాక్ష్యము కలదు. నట్రిణై యను సంకలనమునందలి 216వ పద్యము వేంగచెట్టుతో సంబంధము గలిగి, ఒక స్తనమును కోసికొనిన తిరుమావుణ్ణి యను స్త్రీని పేర్కొనుచున్నది. అందు కోవలుడు లేడు, మదుర లేదు, అందె లేదు. స్తనమును త్యజించిన దుఃఖిత యొక్కతెయు, ఆ చెట్టును మాత్రమే కలవు. కథాబీజము కావ్యమునకు ముందే జనశ్రుతియం దుండెననుటకు ఇది బలమైన ఆధారము.

శిలాప్రతిష్ఠ

వంజికాండమునందలి భాగముల పేరులు గమనింపదగినవి: శిలను చూచుట, శిలను గైకొనుట, నీట ముంచుట, నాటుట, స్తుతించుట. ఇవి తమిళ వ్యాకరణమగు తొల్కాప్పియమున యుద్ధవీరుల స్మారకశిలలను గూర్చి చెప్పబడిన క్రమమే. మనదేశమున వీరగల్లులు నిలుపు ఆచారమువంటిదే యిది. పోరున మడిసిన పురుషునకు చేయదగిన సంస్కారమును సెంగుట్టువనుడు ఒక వర్తకుని విధవకు చేసెను. దేవతాప్రతిష్ఠకు ఆగమమార్గ మొండు గలదని యెరిగిన కవియే ఈ మార్గమును గైకొనుట యాదృచ్ఛికము కాదు. కన్నగి తొలుత అన్యాయముగ మృతినొందినవారి పంక్తిలో చేరి, పిదప దేవత యైనది.

శిలకొరకు చేరరాజు హిమాలయమునకు పోయి, కనకుడు, విజయుడు అను ఉత్తరదేశపు రాజుల శిరములపై దానిని మోయించి, గంగలో స్నానము చేయించి తెచ్చెనని కావ్యము. ఈ యాత్రలో గంగ దాటుటకు ఓడలు సమకూర్చి తోడ్పడినవారు నూట్రువర్ కన్నర్ అని చెప్పబడినది. ఈ పేరు శాతకర్ణి శబ్దమునకు తమిళానువాదమని పలువురు చరిత్రకారు లభిప్రాయపడిరి. నూరు, కర్ణము అను విభాగము ననుసరించిన ఈ యూహ సమంజసమైనచో, ఆంధ్ర శాతవాహనుల స్మృతి కన్నగి కథతో ముడివడి నిలిచినదనవలెను. కాని దీనినిబట్టి యాత్ర చారిత్రక సత్యమని నిర్ణయించుట తొందరపాటగును.

లంకకు రాక

సెంగుట్టువనుని ప్రతిష్ఠోత్సవమునకు లంకాధీశుడు గజబాహువు వచ్చెనను మాట తమిళ చరిత్ర కాలనిర్ణయమునకు చాలకాలము మూలస్తంభముగ నుండెను. గజబాహువు క్రీ. శ. రెండవ శతాబ్దివాడు, కావున సెంగుట్టువనుడును, సంగమకాలమును ఆ శతాబ్దికి చెందినవని వాదము. ఐతే ఇరువదిరెండేండ్లు పాలించిన ఈ రాజును వర్ణించు మహావంశము పత్తినీదేవిని పేర్కొనదు. చాల తరువాతిదగు రాజావళియ అను సింహళ చరిత్రమున మాత్రమే, గజబాహువు చోళదేశమునుండి బందీలను, పత్తినీదేవి యందెలను, నాలుగు దేవళముల దేవతాచిహ్నములను, బుద్ధుని భిక్షాపాత్రను తెచ్చెనని యున్నది.

గణనాథ ఒబేయసేకర 1984లో ప్రకటించిన బృహద్గ్రంథమున పత్తిని యారాధనమును సమగ్రముగ పరిశోధించెను. ఆయన మతమున గజబాహువు కథ చరిత్ర గాదు. దక్షిణభారతమునుండి వచ్చి లంకలో స్థిరపడిన జనులు తమ స్థానమును సమర్థించుకొనుటకు నిలుపుకొనిన ఐతిహ్యము. దేవతయు రాజుతో ఒక్క దినమున గాక, వలసజనులతో క్రమముగ వచ్చెననుట యుక్తము. ఈ దేవత రోగనివారిణిగ ఊరూర పాదుకొనుటను చూచినచో ఇదియే సంభావ్యమని తోచును. రాజు తెచ్చిన దేవత రాజధానియందు నిలుచును. జనులు తెచ్చిన దేవత పొలముగట్లపై నిలుచును.

సింహళుల పత్తిని

పత్నీశబ్దభవమైన పత్తిని యను నామమే సింహళమున దేవతానామమైనది. అచట ఆమె కథ తమిళకావ్యముకంటె మిగుల భిన్నము. పాండ్యరాజునకు మూడు కన్నులు. శక్రుడు వృద్ధరూపమున వచ్చి రాజోద్యానమునందలి మామిడిపండును బాణముతో కొట్టగా, దాని రసము చింది రాజు మూడవ కన్ను పోయెను. ఆ మామిడినుండియే పత్తిని పుట్టెను; పేటికలో నుంచి నదిలో విడువబడి అన్యుల యింట పెరిగెను. ఆమెకు కన్నీటినుండియు, పుష్పమునుండియు, అగ్నినుండియు కలిగిన జన్మములు కూడ చెప్పుదురు. భర్త పేరు కోవలుడు గాదు, పాలంగుడు. వివాహమైనను ఆమె కన్యగనే యుండెను. అన్నిటికంటె ముఖ్యమైన భేదము వేరొకటి కలదు: వధింపబడిన పాలంగుని ఆమె బ్రదికించుకొనును.

ఈ కథను గమ్మడువ యను గ్రామోత్సవమున రాత్రియంతయు పాడుచు, అభినయించుచు నుందురు. ముప్పదియైదు గేయకథల సంపుటము దీనికి ఆధారము. పూజారి పురుషుడే యైనను దేవీవేషము ధరించి, ఆమె యందెను చేతబట్టి యాడును. మామిడిపండును కొట్టు ఘట్టము, పాలంగుని మరణము, పునర్జీవనము అన్నియు ప్రదర్శింపబడును. పాలు పొంగించుటయు, నిప్పులు త్రొక్కుటయు కలవు. ఉత్సవము యొక్క ప్రయోజనము వర్షము, పంట, రోగశాంతి. బిడ్డలకు అంటురోగము తగ్గినపుడు ఏడుగురు తల్లులను పిలిచి పాలన్నము పెట్టు కిరిఅమ్మ దానము కూడ ఈ దేవతకు సంబంధించినదే.

అంకెళియ యను క్రీడ మరియొకటి. ఊరివారు రెండు పక్షములుగ చీలి, రెండు కొమ్ములను ఒకదానికొకటి తగిలించి, త్రాళ్ళు కట్టి, ఒక కొమ్ము విరుగువరకు లాగుదురు. ఒకటి పత్తిని పక్షము, రెండవది పాలంగుని పక్షము. దంపతులు సంపెంగపూలు కోయునపుడు వారి దోటీలు చిక్కుకొనుట దీనికి మూలకథ. గెలిచినవారు ఓడినవారిని ఎగతాళి చేయుదురు. ఆ వేడుకతో ఊరి రోగ మడగునని నమ్మకము.

ప్రతీకారముకొరకు నగరమును కాల్చిన స్త్రీని అహింసాపరులగు బౌద్ధులు ఎట్లు అంగీకరించిరి? ఆమెను బుద్ధభక్తురాలిగ, పుణ్యము సంపాదించుకొని రాబోవు జన్మమున పురుషుడై బుద్ధత్వము నందగోరు నామెగ భావించిరి. కోపము ఒక ఘట్టమై, కరుణ యామెకు స్వభావమైనది. ఈ పరిణామమువలననే ఆమె ఊరి పొలిమేరనుండి రాజధానివరకు పోగలిగినది. కాండీనగరమున నాథ, విష్ణు, కతరగామ దేవతలతో పాటు పత్తినికిని దేవళము కలదు.

ఇచట తెలుగువారికి సంబంధించిన యొక విషయము వచ్చుచున్నది. 1660 మొదలు 1679 వరకు కాండీరాజ్యమున బందీగ నుండిన రాబర్ట్ నాక్స్ తన గ్రంథమున కాండీ యుత్సవమును వర్ణించుచు పత్తిని మొదలగు దేవతల ఊరేగింపును చెప్పెను. బుద్ధదంతధాతువును అందు చేర్పలేదు. దంతధాతువు ఊరేగింపునకు అగ్రస్థానము వచ్చినది కీర్తిశ్రీ రాజసింహుని కాలమున. 1747 నుండి 1782 వరకు పాలించిన ఈ రాజు నాయక్కరు వంశీయుడు; తెలుగువారగు మధుర నాయకరాజుల బంధువర్గమునకు చెందినవాడు. పరదేశీయుడగు రాజు బౌద్ధమును పునరుద్ధరించి, దంతధాతువును ముందునిలిపియు, పాత దేవతలను తొలగింపలేదు. నేటికిని ఆ యూరేగింపున పత్తినీదేవళము చివర నడచును. స్త్రీలు నర్తించునది ఆ దేవళపు వరుసయందే.

తూర్పులంక తమిళుల అమ్మ

సింహళులకు పొరుగువారగు మట్టక్కళప్పు ప్రాంతపు తమిళులు ఆమెను కన్నగి అమ్మ యని కొలుతురు. తంబిలువిల్, కారైతీవు మొదలగు గ్రామములందు ఆమె ఆలయములు ప్రసిద్ధములు. వైకాసి మాసమున, అనగా మే-జూన్ నెలలలో, ఆలయద్వారము తెరచి దినములకొలది ఉత్సవము జరుపుదురు. కన్నగి వళక్కురై యను కావ్యమును చదువుదురు. వ్యాజ్యము చెప్పుట యని దాని కర్థము. పాండ్యుని సభలో ఆమె మొరయే దానికి ప్రాణము. ఉత్సవాంతమున కుళిర్త్తి జరుగును. కుళిర్త్తి యనగా చల్లబరచుట. మదురను కాల్చిన తాపమును గీతములతోను, నీటితోను శమింపజేసి అమ్మను చల్లని తల్లిగ మార్చి తలుపు మూయుదురు.

ఈ వళక్కురైలో కన్నగి మామిడినుండి పుట్టును. శిలప్పదికారమున లేని యీ కథ సింహళులకును, వీరికిని సమానము. కొమ్ములు లాగు క్రీడయు ఉభయులకు సమానమే. ఇచట కన్నగి పక్షము, కోవలుని పక్షము నని విభజింతురు. భాషయు, మతమును వేరైన రెండు జనములు గ్రంథమున లేని అంశములను పంచుకొనుటవలన వీరి పూజ గ్రంథమునుండి దిగినది కాదని స్పష్టమగుచున్నది.

యాళ్ప్పాణమున జరిగినది వేరు. పందొమ్మిదవ శతాబ్దిలో శైవమును సంస్కరింపబూనిన ఆరుముగ నావలరు (1822-1879) జైనసంబంధము గల వర్తకస్త్రీని దేవతగ పూజించుట తగదని వాదించెను. తరువాత అచటి కన్నగి ఆలయములు పెక్కు రాజరాజేశ్వరి, భువనేశ్వరి మొదలగు నామములను ధరించినవి. శిల అదియే, భక్తులు వారే. కథ మాత్రము తొలగింపబడినది. శుద్ధిపేరిట జ్ఞాపకమును చెరిపివేయుట ఎట్లుండునో దీనివలన తెలియగలదు.

ముల్లైత్తీవు మండలమున నందిక్కడల్ మడుగు ఒడ్డున వట్రాప్పలై కన్నగి ఆలయము కలదు. మదుర దహనానంతరము తాపముతో వచ్చిన అమ్మ పదియవ మజిలీగ అచట నిలిచెనని స్థలకథ. వైకాసి పొంగళ్ళనాడు సముద్రజలముతో దీపము వెలిగింతురు. 1983లో విజృంభించిన అంతర్యుద్ధము 2009 మే నెలలో ఆ నందిక్కడల్ తీరముననే ముగిసినది. అమ్మను చల్లబరచు మాసమున, ఆ మడుగు గట్టుననే, అసంఖ్యాకులగు స్త్రీలు భర్తలను, బిడ్డలను కోల్పోయిరి. ఇరుప్రక్కల తల్లులును కొలిచినది ఒకే అమ్మ ననుట చరిత్రకారుడు విస్మరింపరాని విషయము.

కేరళీయుల భగవతి

వంజినగరము కొడుంగల్లూరనువారును, కరూరనువారును కలరు. కొడుంగల్లూరు భగవతి ఆలయమే సెంగుట్టువనుని ప్రతిష్ఠాస్థానమని కేరళమున ప్రతీతి. అచట మూలదేవత దారికాసురుని వధించిన భద్రకాళి. మీనమాసపు భరణి యుత్సవమున ఎఱ్ఱని వస్త్రములు ధరించిన వెలిచ్చప్పాడులు ఖడ్గములతో నుదుళ్ళు గాయపరచుకొని, ఆవేశముతో ఆలయమును చుట్టివత్తురు. ఇచట కన్నగి కోపము చల్లబరుపబడదు. అది దేవీశక్తిగ నిలుపుకొనబడును.

తిరువనంతపురమునందలి ఆట్టుకాల్ ఆలయమున పది దినముల యుత్సవములో తోట్టంపాట్టు అను గేయకథ పాడబడును. అందు కన్నగి భర్త పేరు పాలకుడు. ఇది సింహళుల పాలంగునికి దగ్గర, కావ్యమునందలి కోవలునికి దూరము. గాయకులు పాండ్యవధఘట్టమునకు వచ్చిన పిమ్మట ఆలయమున అగ్ని రగిల్చి, దానినుండి వీథులలో కూర్చున్న స్త్రీల పొయ్యిలు వరుసగ వెలిగింతురు. 2009లో ఇరువదియైదు లక్షల స్త్రీలు ఒక్కనాడు పొంగళ్ళు వండిరని గిన్నిస్ గ్రంథమున నమోదైనది. మదురను కాల్చిన నిప్పు ఇచట అన్నము నుడికించుచున్నది.

తమిళనాటి సరిహద్దున, పెరియార్ అడవులలోని కొండపై శిథిలమైన మంగళాదేవి ఆలయమున్నది. ఏడాదికొకమారు చైత్రపూర్ణిమనాడు మాత్రమే దానిని తెరతురు. ఆ స్థలముపై ఇరురాష్ట్రములకును వివాదము కలదు. ఐనను ఆనాటి యేర్పాటులు ఉభయరాష్ట్రముల అధికారులు కలసి చేయుదురు, పూజలు ఇరువైపుల అర్చకులును చేయుదురు.

తమిళనాటి ప్రతీక

కావ్యము పుట్టిన తమిళదేశమున కన్నగి పేరిట ఆలయపూజ తక్కిన చోటులంత విస్తృతముగ కానరాదు. స్వామినాథయ్యరు ప్రకటనానంతరము ఆమె గ్రంథమునుండి మరల జనులలోనికి వచ్చినది. పూజార్హమైన దేవతగ గాక జాతి గౌరవమునకు ప్రతిమగ వచ్చినది. 1968లో రెండవ ప్రపంచ తమిళ మహాసభల సందర్భమున మదరాసు సముద్రతీరమున అందె నెత్తిపట్టిన కన్నగి విగ్రహము నిలుపబడెను. 2001లో తొలగింపబడగా జనులు నిరసించిరి. 2006లో మరల ప్రతిష్ఠింపబడెను. విగ్రహమునకు పూజారి లేడు, నైవేద్యము లేదు. కాని దానిని కదల్చినపుడు కలిగిన క్షోభ దేవతను కదల్చిన క్షోభవంటిదే.

ఉపసంహారము

ఈ సాక్ష్యములను సమన్వయింపగా మూడు విషయములు తేలుచున్నవి.

మొదటిది: శిలప్పదికారము కన్నగి యారాధనమునకు ప్రాచీనమైన సాక్ష్యమే గాని దానికి జన్మస్థానము కాదు. నట్రిణై పద్యము, మామిడి జన్మము, పాలక-పాలంగ నామసామ్యము కావ్యమునకు వెలుపల ప్రవహించిన జనశ్రుతిని చూపుచున్నవి. కవి ఆ ప్రవాహమునుండి ఒక పాయను మళ్ళించి మహాకావ్యముగ చేసెను.

రెండవది: ప్రతిజనమును కథయందు తమ కవసరమైన ఘట్టమును పట్టుకొనినది. తమిళనాడు సభయందలి న్యాయవాదమును, కేరళము విజయోగ్రతను, సింహళులు భర్తృపునర్జీవనమును, తూర్పులంక తాపశాంతిని గ్రహించినవి. ఇవి వికారములు గావు. ఎచట వాన కరవో అచట ఆమె వాన. ఎచట న్యాయము కరవో అచట ఆమె న్యాయము. 1980లో మశూచి లోకమునుండి తొలగినదని ప్రకటింపబడినను ఆ రోగదేవత పూజ నిలువలేదు. శాంతింపవలసిన తాపములు ఇంకను కలవు.

మూడవది: ఆమె ఏ యొక్క జనమునకును సొంతము కాదు. ఒక భాషకో, ఒక మతమునకో ఆమెను కట్టివేయ చూచినచోటెల్ల కథలో కొంత భాగము నశించినది. నిరపరాధియగు భర్తను రాజ్యము చంపగా, చేత నొక యందెతో సభకు పోయి కారణ మడిగిన స్త్రీ కన్నగి. ఆ ప్రశ్నకు ఏ రాజ్యమును నేటికిని తృప్తికరమైన సమాధాన మీయలేదు. భాషలును, మతములును, రాజవంశములును మారినను ఆమె పూజ నిలిచియుండుటకు కారణ మదియేయని తోచుచున్నది.